మొదటి ఉద్యోగం: రూపాయి కట్టకుండా వెతకడం, తడబడకుండా ఇంటర్వ్యూ ఇవ్వడం

"రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు, కట్టాలా?" "ఆఫర్ లెటర్ వచ్చింది, నిజమైనదేనా?" "మీ గురించి చెప్పండి అంటే ఏం చెప్పాలి?" డిగ్రీ, డిప్లొమా, బీటెక్ అయిపోయి హైదరాబాద్‌కో విజయవాడకో విశాఖకో బయల్దేరేవాళ్లు అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి ఈ మూడింటి దగ్గరికే వస్తాయి. మొదటిదానికి జవాబు ఒక్క మాట: వద్దు. మిగతా రెండింటికీ కొంచెం పని ఉంది. వరుసగా చేసుకుంటూ పోతే వారం రోజుల్లో చాలావరకు సిద్ధమైపోతాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పదో తరగతి మెమో, ఇంటర్ లేదా డిప్లొమా మెమో, డిగ్రీ సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులూ ఉండే మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్). ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇంకా రాకపోతే పీసీతో పని జరుగుతుంది.
- పాన్ కార్డు, ఆధార్, మీ పేరు మీదే ఉన్న బ్యాంకు ఖాతా పాస్‌బుక్ మొదటి పేజీ.
- పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఆరు. లేత రంగు బ్యాక్‌గ్రౌండ్‌తో తీయించుకోండి.
- ఉద్యోగాల కోసమే ఒక కొత్త ఈమెయిల్. పేరు, ఇంటిపేరు, అవసరమైతే రెండంకెలు ఉంటే చాలు. ఇంటర్‌లో సరదాకి పెట్టుకున్న హీరో పేరు మెయిల్ ఐడీ దీనికి పనికిరాదు.
- ఒక నోట్‌బుక్. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్నాయి. మీకూ ఆ చిక్కు ఉంటే ఉద్యోగం వచ్చేదాకా ఆగకండి. ఇప్పుడే వెళ్లి ఏ కాగితం ఎప్పుడిస్తారో అడిగి తెలుసుకోండి. జాయినింగ్‌కి రెండు రోజుల ముందు పరిగెత్తితే ఎవరూ ఇవ్వరు. ఇంటర్వ్యూలో అడిగినప్పుడు "ఫలానా తేదీకి తెస్తాను" అని చెప్పగలిగితే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి.

1. పేరు అన్నిచోట్లా ఒకటేనా చూసుకోండి

మనవాళ్లకు తరచూ వచ్చే చిక్కు ఇది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివరికి పోతుంది. చూడ్డానికి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. ఇంటర్వ్యూలో దీని గురించి ఎవరూ అడగరు. పీఎఫ్ ఖాతా తెరిచేటప్పుడు, మీరిచ్చిన వివరాలు కంపెనీ సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మాత్రం ఇక్కడే ఆగిపోతుంది.

ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, పాన్‌లను దానికి తగ్గట్టు సరిచేయించండి. మెమో మార్పించడం కంటే ఇది చాలా తేలిక. ఆధార్ అయ్యాకే పాన్ మార్చుకోండి. వరుస తిప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

2. రెజ్యూమె ఒక్క పేజీలో ముగించండి

ఫ్రెషర్‌కి రెండో పేజీలో రాయడానికి ఏమీ ఉండదు. పైన పేరు, ఫోన్, ఈమెయిల్, ఊరు. ఆ కింద చదువు, పైనుంచి కిందికి కొత్తది ముందు. తర్వాత మీకు వచ్చిన పనులు, ప్రాజెక్టు లేదా ఇంటర్న్‌షిప్, భాషలు. అంతే.

తీసేయాల్సినవి: ఆధార్ నంబరు, పాన్ నంబరు, పూర్తి ఇంటి చిరునామా, తండ్రి పేరు, కులం, మతం, పెళ్లి వివరం. ఇవన్నీ ఉన్న రెజ్యూమె జాబ్ సైట్లో పెట్టారంటే మోసగాడికి మీరే జాతకం రాసిచ్చినట్టు. "ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో పనిచేసి సంస్థ ఎదుగుదలకు" అంటూ సాగే ఆబ్జెక్టివ్ పేరా కూడా తీసేయండి. మీ క్లాసులో అరవై మందీ అదే పేరా పెట్టారు.

వచ్చిన పనిని చూపించేలా రాయాలి. "ఎంఎస్ ఆఫీస్" అని కాదు, "ఎక్సెల్‌లో వీ-లుకప్, పివట్ టేబుల్ చేయగలను" అని. "ట్యాలీ" అని కాదు, "ట్యాలీలో కొనుగోలు, అమ్మకం వోచర్లు వేసి జీఎస్టీ లెక్క తీయగలను" అని. రాసిన ప్రతి మాట మీద ఒక ప్రశ్న వస్తుందనుకోండి. జవాబు చెప్పలేని మాటను ఇప్పుడే కొట్టేయండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూసుకోవచ్చు. పీడీఎఫ్‌గా సేవ్ చేసి మీ నంబరుకే వాట్సాప్ చేసుకుని ఫోన్‌లో తెరవండి. తర్వాత అందులోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్స్‌లో పేస్ట్ చేయండి. వరుస తప్పకుండా వస్తే కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా చదవగలదు. ముక్కలుముక్కలుగా వచ్చినా, అసలు రాకపోయినా ఆ రంగురంగుల రెండు కాలమ్‌ల డిజైన్ వదిలేసి సాదాగా మళ్లీ చేయండి. ఫైలు పేరు "రెజ్యూమె ఫైనల్ న్యూ 3" అని కాకుండా మీ పేరూ, చేయాలనుకుంటున్న పనీ ఉండేలా పెట్టండి.

3. ఎక్కడ వెతకాలి

మొదట కంపెనీల సొంత వెబ్‌సైట్లలోని కెరీర్స్ పేజీ. తర్వాత నౌకరీ, లింక్డ్‌ఇన్, అప్నా లాంటి జాబ్ సైట్లు. డబ్బులు కడితే రెజ్యూమెను పైకి తెస్తామనే సర్వీసులు వీటిలో కనిపిస్తాయి. ఫ్రెషర్‌కి అవి అక్కర్లేదు.

ప్రభుత్వం వైపు నుంచి ఉన్నవి చాలామంది చూడరు. కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదు ఉచితం. తెలంగాణలో నైపుణ్య శిక్షణకు టాస్క్, ఉద్యోగాల నమోదుకు డీట్ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు పెడుతుంది. డిగ్రీ, డిప్లొమావాళ్లకు కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో అప్రెంటిస్ ఖాళీలు దొరుకుతాయి. ఏడాది స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు, చివర్లో ప్రభుత్వ గుర్తింపున్న సర్టిఫికెట్ వస్తుంది. అనుభవం కావాలంటారు, ఉద్యోగం రాకుండా అనుభవం ఎలా వస్తుంది అని విసిగిపోయినవాళ్లకు తిన్నని దారి ఇదే. ఐటీఐ, డిప్లొమావాళ్లు శ్రీసిటీ లాంటి పారిశ్రామిక వాడల్లో కూడా చూడాలి. అందరూ హైటెక్ సిటీ వైపే చూడనక్కర్లేదు.

కన్సల్టెన్సీల సంగతి. నిజమైన కన్సల్టెన్సీకి డబ్బు ఇచ్చేది మనిషిని తీసుకున్న కంపెనీ. మీ దగ్గర తీసుకుంటోందంటే దాని వ్యాపారం ఉద్యోగాలు ఇప్పించడం కాదు, మీరే. ఇక "థర్డ్ పార్టీ పేరోల్" అంటే మోసమని భయపడకండి. పని ఒక కంపెనీలో, జీతం ఇంకో కంపెనీ నుంచి. పీఎఫ్, జీతం చీటీ ఇస్తుంటే మొదటి ఉద్యోగంగా తీసుకోవచ్చు. ఎవరి పేరోల్, ఎన్నాళ్ల కాంట్రాక్టు అనేది మాత్రం రాతలో అడగండి.

4. ఫోన్ వచ్చాక పది నిమిషాల తనిఖీ

"మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది" అని ఫోన్ వస్తుంది. సంతోషమే, కానీ అప్పటికప్పుడు దేనికీ ఒప్పుకోకండి. కంపెనీ పూర్తి పేరు, ఏ పని, ఎక్కడ, ఎవరు మాట్లాడుతున్నారు అని అడిగి, వివరాలు కంపెనీ ఈమెయిల్ నుంచి పంపమనండి. నిజమైన హెచ్‌ఆర్ పంపిస్తారు. మోసగాడు "ఈరోజే ఆఖరు, నాలుగు సీట్లే ఉన్నాయి" అంటాడు.

మెయిల్ వచ్చాక చూడాల్సినవి:

అడ్రసులో ఎట్ గుర్తు తర్వాత ఏముందో చూడండి. పెద్ద కంపెనీ పేరు చెప్పి జీమెయిల్ నుంచి వస్తే అక్కడే ఆపేయండి. సొంత డొమైన్‌లా కనిపించినా చివరినుంచి వెనక్కి చదవాలి. డాట్ కామ్, డాట్ ఇన్ లేదా డాట్ కో డాట్ ఇన్‌కి సరిగ్గా ముందున్న మాటే అసలు యజమాని. కంపెనీ పేరు పక్కన ఒక హైఫన్ పెట్టి "కెరీర్స్" అనో "హెచ్‌ఆర్ ఇండియా" అనో తగిలించి ఉంటే అది ఎవరైనా కొనుక్కోగల వేరే డొమైన్. గూగుల్‌లో కంపెనీ అసలు సైటు తెరిచి పోల్చండి. మెయిల్లో ఇచ్చిన లింకు నొక్కి కాదు.

లెటర్‌హెడ్ మీద సీఐఎన్ అనే 21 అక్షరాల కంపెనీ గుర్తింపు నంబరు ఉంటుంది. మొదటి అక్షరం ఎల్ అయితే స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ, యూ అయితే కానిది. తర్వాత ఐదంకెలు వ్యాపార రకం, రెండక్షరాలు రాష్ట్రం, నాలుగంకెలు కంపెనీ నమోదైన సంవత్సరం, మూడక్షరాలు కంపెనీ తరహా, చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ నంబరు. లెటర్‌లో "పాతికేళ్లుగా సేవలో" అని ఉండి సీఐఎన్‌లో 2023 కనిపిస్తే ఆగి ఆలోచించాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో కంపెనీ మాస్టర్ డేటాలో ఈ నంబరు కొట్టి పేరు, చిరునామా, "యాక్టివ్" అని ఉందా లేదా చూడండి.

కంపెనీగా నమోదు కాని చిన్న సంస్థలకు, భాగస్వామ్య వ్యాపారాలకు సీఐఎన్ ఉండదు. వాళ్ల జీఎస్టీ నంబరు అడిగి జీఎస్టీ పోర్టల్లో వెతకండి. 15 అక్షరాల ఆ నంబరు తెలంగాణలో 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలవుతుంది.

ఇవన్నీ సరిపోయినా తనిఖీ సగమే అయింది. మోసగాళ్లు నిజమైన కంపెనీ పేరు, లోగో, సీఐఎన్ మొత్తం ఎత్తుకొచ్చి పెడతారు. అందుకని కంపెనీ అసలు సైటులో ఉన్న నంబరుకో మెయిల్‌కో మీరే రాసి, "ఫలానా పేరుతో నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది, మీదేనా" అని అడగండి. ఈ ఒక్క మెట్టు చాలామంది ఎక్కరు.

5. ఇవి అడిగితే మాట్లాడటం ఆపేయండి

డబ్బు, ఏ పేరుతోనైనా. రిజిస్ట్రేషన్, ల్యాప్‌టాప్ డిపాజిట్, యూనిఫాం, ఐడీ కార్డు, మెడికల్ టెస్టు, "తిరిగిచ్చే" సెక్యూరిటీ, గేట్‌పాస్. ముందు 500 అడుగుతారు. అది కట్టినవాడు 5,000 కూడా కడతాడని వాళ్లకు తెలుసు.

యూపీఐ పిన్, ఓటీపీ, స్క్రీన్ షేర్. జీతం ఖాతా పరీక్షించడానికి ఒక రూపాయి పంపుతున్నాం, పిన్ కొట్టండి అంటారు. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతోందనే.

ఇంట్లో కూర్చుని టాస్కులు. వీడియోలకు లైకులు, హోటళ్లకు రివ్యూలు, టెలిగ్రామ్ గ్రూపు. మొదటి రెండు రోజులు 150, 200 నిజంగానే వేస్తారు. మూడో రోజు "ప్రీపెయిడ్ టాస్క్" వస్తుంది. స్క్రీన్ మీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకోబోతే ఇంకా కట్టమంటారు. ఆ వేసిన 150 ఎర.

డేటా ఎంట్రీ, ఫారం ఫిల్లింగ్. పని ఇచ్చి, తప్పులున్నాయని చెప్పి, అగ్రిమెంట్ ఉల్లంఘించారంటూ లాయరు నోటీసు వాట్సాప్‌లో పంపుతారు. భయపడి డబ్బు కట్టకండి. ఆ బెదిరింపును సాక్ష్యంగా దాచి, ఫిర్యాదు చేయండి.

మీ బ్యాంకు ఖాతా అద్దెకు. "మీ ఖాతాలోకి వచ్చిన డబ్బు మేం చెప్పిన చోటికి పంపండి, కమీషన్ ఇస్తాం." ఈ పట్టికలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. మిగతావాటిలో మీరు బాధితులు, ఇందులో నిందితులవుతారు. ఆ డబ్బు ఇంకొకరి దగ్గర కొట్టేసినది. ఖాతా ఫ్రీజ్ అవుతుంది, కేసు మీ పేరు మీద పడుతుంది. సిమ్ కార్డు మీ పేరుతో తీసివ్వమన్నా అంతే.

హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దగ్గర వినిపించే "బ్యాక్‌డోర్", ఫేక్ ఎక్స్‌పీరియన్స్ సంగతి విడిగా చెప్పాలి. లక్షలు తీసుకుని, పనిచేయని కంపెనీలో పనిచేసినట్టు కాగితాలు సృష్టిస్తారు. వెరిఫికేషన్‌లో పీఎఫ్ చరిత్ర తీస్తే కాగితంలో ఉన్న సంవత్సరాలు అక్కడ కనిపించవు. ఆరు నెలల తర్వాత దొరికినా అదే రోజు పంపించేస్తారు. నకిలీ కాగితం వాడటం నేరం కూడా.

"ట్రైనింగ్ ఇచ్చి ఉద్యోగం ఇప్పిస్తాం" అనే సంస్థల్లో మంచివీ ఉన్నాయి. కానీ ఫీజు కోసం సంతకం పెట్టే కాగితం ఏమిటో చదవండి. చాలాసార్లు అది ఫైనాన్స్ కంపెనీ దగ్గర మీ పేరు మీద తీసుకునే అప్పు. సంస్థ తలుపులు మూసేసినా ఈఎంఐ ఆగదు, అప్పుల చరిత్ర చూపే సిబిల్ స్కోరు మీది పాడవుతుంది. నేర్చుకోవడానికే చేరండి, ఉద్యోగం గ్యారంటీ అనే మాటకు విలువ కట్టకండి.

ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే, జాయినింగ్‌కి ముందు మాస్క్‌డ్ ఆధార్ చాలు. ఆధార్ సైటులో దింపుకోవచ్చు, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. జిరాక్స్ ఇస్తే దాని మీద అడ్డంగా "ఫలానా కంపెనీ ఇంటర్వ్యూ కోసం మాత్రమే", తేదీ రాయండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. "మా దగ్గరే ఉంటాయి" అంటే ఆ ఉద్యోగం వద్దు. మానేయాలన్నా మానలేని పరిస్థితి అక్కడే మొదలవుతుంది.

ఇప్పటికే డబ్బు పోతే: వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల రెఫరెన్సు నంబరు, సమయం, మొత్తం, అవతలి యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకుని చేయండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. సిగ్గుపడి చాట్ డిలీట్ చేసేవాళ్లే ఎక్కువ, ఉన్న సాక్ష్యం అదొక్కటే కదా. "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం" అంటూ ఆ తర్వాత ఎవరైనా ఫోన్ చేస్తే అది రెండో మోసం. టెలికాం శాఖ సంచార్ సాథీ సైటులో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా ఒకసారి చూసుకోండి.

విదేశీ ఉద్యోగమైతే: ఏజెంటు లైసెన్సు కేంద్ర విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్లో ఉండాలి. నమోదైన ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, దానికి రసీదు. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు అంటే వెళ్లకండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కంబోడియా, మయన్మార్, లావోస్‌లకు తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాల చేతిలో మన రెండు రాష్ట్రాల పిల్లలు కూడా చిక్కారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు. ముందు అక్కడ అడగండి.

6. "మీ గురించి చెప్పండి": 75 సెకన్ల జవాబు

ఇది మీ జీవిత చరిత్ర అడగడం కాదు. నాన్నగారు ఏం చేస్తారో, ఎంతమంది అన్నదమ్ములో చెప్పనక్కర్లేదు. నాలుగు ముక్కలు చాలు: పేరు, ఊరు, చదువు ఒక వాక్యంలో; చేసిన ఒక ప్రాజెక్టు లేదా పని రెండు మూడు వాక్యాల్లో; ఈ ఉద్యోగానికి పనికొచ్చే ఒక నైపుణ్యం, రుజువుతో; ఈ పనే ఎందుకు కావాలో ఒక వాక్యం.

మన నోట తరచూ దొర్లే తప్పులు ఇవి. "మై సెల్ఫ్ రమేష్" కాదు, "ఐ యామ్ రమేష్". "ఐ కెన్ ఏబుల్ టు" కాదు, "ఐ కెన్" లేదా "ఐ యామ్ ఏబుల్ టు". "ఐ యామ్ బిలాంగ్స్ టు గుంటూరు" కాదు, "ఐ యామ్ ఫ్రమ్ గుంటూరు". "ఐ డిడ్ నాట్ వెంట్" కాదు, "ఐ డిడ్ నాట్ గో". ఈ నాలుగూ పోతే సగం ఇంగ్లిష్ బాగుపడినట్టే.

ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం (వాయిస్ ప్రాసెస్) ఇంటర్వ్యూ అయితే ఉచ్చారణ కూడా చూస్తారు. తెలుగులో మాట మొదట్లో వచ్చే అచ్చుకు మనం తెలియకుండానే ఒక య, వ అంటిస్తాం: ఓపెన్ "వోపెన్" అవుతుంది, ఎగ్జామ్ "యెగ్జామ్", ఓన్లీ "వోన్లీ". రోజూ పది మాటలు రాసుకుని ఫోన్‌లో రికార్డు చేసి వినండి. విన్నప్పుడు గానీ ఆ య, వ మన చెవికి పట్టదు. యాస తప్పు కాదు, అవతలివారికి అర్థమైతే చాలు. అమెరికన్ యాస తెచ్చిపెట్టుకుంటే మాత్రం ఇంకా దెబ్బతింటుంది.

జవాబును బట్టీ పట్టొద్దు. మధ్యలో ఒక మాట మర్చిపోతే మొత్తం ఆగిపోతుంది. నాలుగు ముక్కల్నీ నాలుగు పదాలుగా కాగితం మీద రాసుకుని, ప్రతిసారీ వేరే మాటల్లో చెప్పండి. వరుసగా మూడుసార్లు 60 నుంచి 90 సెకన్ల మధ్య, ఎక్కడా ఐదు సెకన్లకు మించి ఆగకుండా వస్తే సిద్ధమైనట్టు.

7. మిగతా ప్రశ్నలు

"ఈ గ్యాప్ ఎందుకు?" నిజం చెప్పండి: ఇంట్లో ఆరోగ్యం బాగోలేదు, పోటీ పరీక్షలకు చదివాను, బ్యాక్‌లాగ్ క్లియర్ చేశాను. వెంటనే ఆ కాలంలో నేర్చుకున్న ఒక విషయం చెప్పండి. గ్రూప్స్‌కి చదివానని చెబితే "మళ్లీ నోటిఫికేషన్ వస్తే వెళ్లిపోతారా" అని తప్పకుండా అడుగుతారు. దానికీ జవాబు ఉండాలి.

"నైట్ షిఫ్ట్ చేస్తారా?" ఇంట్లో అడగకుండా ఓకే అనకండి. చేరాక మానేయడం కంటే ముందే చెప్పడం మేలు. అమ్మాయిలైతే ఇంటిదాకా క్యాబ్ ఇస్తారా, క్యాబ్‌లో గార్డు ఉంటారా అని నేరుగా అడగండి, మొహమాటం అక్కర్లేదు.

"ఎంత జీతం ఆశిస్తున్నారు?" ఫ్రెషర్ అయితే "కంపెనీ ఫ్రెషర్లకు ఇచ్చేదే" అనడంలో తప్పులేదు. హాస్టల్, ప్రయాణం, తిండి ఖర్చు లెక్క వేసుకుని దాని కింద ఒప్పుకోకూడని అంకె ఒకటి మనసులో మాత్రం ఉంచుకోండి.

బీకామ్ వాళ్లను జర్నల్ ఎంట్రీ రాయమంటారు, బీటెక్ వాళ్లను ప్రాజెక్టులో నువ్వు చేసిన భాగం ఏదని అడుగుతారు. డిప్లొమావాళ్లకు ల్యాబ్‌లో ముట్టుకున్న పరికరం గురించి వస్తుంది. ప్రాజెక్టు కొనుక్కొచ్చినవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. కనీసం ఇప్పుడైనా కూర్చుని అందులో ఏముందో చదవండి.

తెలియని ప్రశ్నకు "తెలియదు సార్, ఇంతవరకు చదివాను" అని చెబితే మార్కులు పోవు. అల్లుకుంటూ పోతే పోతాయి.

8. ఇంటర్వ్యూ రోజు

ముందురోజే మ్యాప్‌లో ఆ చిరునామా వీధి ఫొటో చూడండి. ఆఫీసు బోర్డు ఉన్న భవనం కావాలి. అపార్ట్‌మెంట్ ఫ్లాట్, హోటల్ గది, "మెట్రో స్టేషన్ దగ్గరికొచ్చి ఫోన్ చెయ్యండి, మావాడు తీసుకెళ్తాడు" అంటే వెళ్లకండి. ఏ ఇంటర్వ్యూకైనా ఇంట్లో ఒకరికి చిరునామా, పిలిచినవారి నంబరు పంపి, లైవ్ లొకేషన్ పెట్టి బయల్దేరండి. ఏదైనా తేడాగా అనిపిస్తే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి.

అరగంట ముందు చేరేలా బయల్దేరాలి. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పొద్దున తొమ్మిది, పది మధ్య బస్సును నమ్ముకుంటే కష్టం, రాయదుర్గం దాకా మెట్రో నయం. ఇస్త్రీ చేసిన లేతరంగు చొక్కా, లేదా సాదా చుడీదార్. కొత్త చెప్పులు ఆరోజే వేసుకుంటే నడక మారిపోతుంది. ఫైల్లో ఒరిజినల్స్ వేరుగా, జిరాక్సులు రెండు సెట్లు వేరుగా, రెజ్యూమె మూడు కాపీలు, పెన్ను.

వీడియో ఇంటర్వ్యూ అయితే వెలుగు మీ ముఖం మీద పడాలి, వీపు వెనక కాదు. ఫోన్ అయితే పుస్తకాల దొంతర మీద కళ్ల ఎత్తులో ఆనించి పెట్టండి. వైరున్న ఇయర్‌ఫోన్స్ మేలు. కరెంటు పోతే వాడుకోవడానికి ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. పేరు కనిపించే చోట మీ పేరే ఉందా చూడండి. చెల్లి ఆన్‌లైన్ క్లాసుకి పెట్టుకున్న పేరుతో చేరినవాళ్లు చాలామందే.

9. ఆఫర్ లెటర్ చదవడం

సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు, నెలకు 20,000 అన్నారంటే చేతికి 20,000 రావు. ఒక ఉదాహరణ చూడండి. అందులో బేసిక్ 10,000 అనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,200. గ్రాట్యుటీ కింద 4.81 శాతం, 481. కంపెనీ వాటా ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) గ్రాస్ మీద 3.25 శాతం, సుమారు 577. ఇవి పోగా మిగిలేదే గ్రాస్, 17,742. అందులోంచి మీ వాటా పీఎఫ్ 1,200, మీ వాటా ఈఎస్ఐ 0.75 శాతం 134, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోతే చేతికొచ్చేది 16,258. గ్రాస్ 21,000 దాటితే ఈఎస్ఐ ఉండదు. సీటీసీలో "వేరియబుల్" అని ఉంటే టార్గెట్ కొడితేనే వచ్చే డబ్బది, లెక్కలోంచి తీసేసి చూడండి.

లెటర్‌లో తప్పక ఉండాల్సినవి: హోదా, పనిచేసే ఊరు, షిఫ్టు, జాయినింగ్ తేదీ, ప్రొబేషన్ ఎన్ని నెలలు, నోటీసు పీరియడ్. బాండ్ (ఇన్నాళ్లు మానేయనని రాసిచ్చే ఒప్పందం) ఉంటే ఎన్నాళ్లు, ఎంత మొత్తం, ఎందుకు అనేది ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం. ఖాళీ చెక్కు, ఖాళీ బాండ్ పేపరు మీద మాత్రం సంతకం వద్దు.

10. నోట్‌బుక్ ఏం చెబుతోంది

ప్రతి అప్లికేషన్‌కి ఒక వరుస: తేదీ, కంపెనీ, పని, ఎక్కడ చూశారు, ఎవరు ఫోన్ చేశారు, ఏ రౌండు దాకా వెళ్లారు. 30 పంపినా ఒక్క పిలుపూ రాలేదంటే లోపం రెజ్యూమెలో, లేదా మీకు సరిపడని ఉద్యోగాలకు పంపుతున్నారు. రెండో మెట్టుకు వెనక్కి వెళ్లండి. పిలుపులొచ్చి మొదటి రౌండులోనే పోతుంటే ఆరో మెట్టు. హెచ్‌ఆర్ దాకా వెళ్లి ఆగిపోతుంటే జీతం, షిఫ్టు, గ్యాప్ జవాబులు మళ్లీ చూసుకోవాలి. ఇంకో లాభం కూడా ఉంది: నెల తర్వాత "మీరు అప్లై చేశారు కదా" అని ఫోన్ వస్తే, చేశారో లేదో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. చేయని కంపెనీ నుంచి వచ్చిన "సెలెక్షన్" ఏమిటో మీకే తెలుస్తుంది.

చేరాక మొదటి జీతం వచ్చిన నెల మూడు చూసుకోండి: జీతం చీటీ ఇచ్చారా, పీఎఫ్ కోసం ఇచ్చే 12 అంకెల నంబరు యూఏఎన్ వచ్చిందా, ఈఎస్ఐ కోత ఉంటే మీకు ఇన్సూరెన్స్ నంబరు ఇచ్చారా. రెండో నెలలో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, చీటీలో కోసిన మొత్తం అక్కడ జమ అయిందో లేదో చూడండి. కోత పడి జమ పడకపోతే ముందు హెచ్‌ఆర్‌కి మెయిల్, వారంలో జవాబు రాకపోతే పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో గ్రీవెన్స్ పోర్టల్లో ఫిర్యాదు.